ఫిల్టర్ డబ్బా పీకితే బండికి బలం రాదు తమ్మీ

గీ నడుమ ఊళ్లల్ల కొత్త ముచ్చట మొదలైంది. పికప్ బండి బానెట్ లేపుడు, కంపెనీ ఇచ్చిన ఎయిర్ ఫిల్టర్ డబ్బా పీకుడు, ఆ జాగల ఆన్‌లైన్ల తెప్పిచ్చిన కోన్ ఫిల్టర్ బిగిచ్చుడు. కొందరైతే డబ్బాకే డ్రిల్లింగ్ మిషిన్‌తోని బొక్కలు కొడుతున్నరు. ఎందుకు తమ్మీ అంటే "పికప్ పెరుగుతదన్నా, టర్బో సౌండ్ మస్తుంటది" అంటరు. సౌండ్ సంగతి నిజమే. పికప్ సంగతే ఒట్టిది.

రీల్స్‌ల కనవడేటియి ఎక్కువ శాతం అమెరికా బండ్లు, పెద్ద పెట్రోల్ ఇంజన్లు. పెట్రోల్ ఇంజన్‌ల గాలి ఎంత పోతే దానికి తగ్గట్టు పెట్రోల్ కలుస్తది. మన దగ్గర లోడ్ కొట్టే పికప్‌లు ఎక్కువ డీజిల్. డీజిల్ ఇంజన్‌ల గాలి ఎప్పుడూ అవసరం కంటె ఎక్కువనే ఉంటది. బలం ఎంత రావాలన్నది ఇంజెక్టర్ కొట్టే డీజిల్‌ను బట్టి ఉంటది, ఆ లెక్క ఈసీయూ చేతుల ఉంటది. గాలి తొవ్వ వెడల్పు జేసినంత మాత్రాన అది డీజిల్ ఎక్కువ పొయ్యదు. పైంగ కోన్ ఫిల్టర్ గుంజేది బానెట్ లోపటి వేడి గాలి. బయట 40 డిగ్రీలుండి లోపట 60 ఉంటే, అంతే జాగల పట్టే గాలి నూటికి ఆరు పాళ్లు తగ్గుతది.

ఇగ దుమ్ము. రెండున్నర లీటర్ల ఇంజన్ నిమిషానికి 3,000 రౌండ్లు తిరిగితే, టర్బో లెక్క పక్కకు వెట్టినా, దగ్గర దగ్గర 3,750 లీటర్ల గాలి మింగుతది. ఒక్క నిమిషంల! మన బండి తిరిగేది వరికోత నడిచే పొలాల పొంటి, ఇటుక బట్టీల కాడ, కరీంనగర్ గ్రానైట్ క్వారీల తొవ్వల. ఆ సన్న దుమ్ము లోపటికి పోతే లైనర్లకు, రింగులకు ఉప్పు కాయితం రుద్దినట్టే. టర్బో రెక్కలైతే నిమిషానికి లక్ష రౌండ్ల పైన తిరుగుతయి, చిన్న రవ్వ తగిలినా ఖతమే. మా ఊళ్లె ఒకాయన గిట్లనే బిగిచ్చుకోని మిర్చి సీజన్‌ల ఏనుమాముల మార్కెట్‌కు కిరాయిలు కొట్టిండు. ఏడాది తిరగకముందే నీలం పొగ, ఆయిల్ తాగుడు. ఇంజన్ దించితే లైనర్ల నిండ గీతలు. వారంటీ అడిగితే ఎవలిస్తరు? బండి షెడ్డుల ఉన్నన్ని దినాలు కిస్తీ ఆగదు గద.

వానకాలం ఇంకో గండం. కంపెనోడు గాలి మూతిని ఊకెనే మీదికి పెట్టలే. కిందికి దించినోళ్లు లోలెవల్ వంతెన మీద నీళ్లల్ల దిగితే ఇంజన్ నీళ్లు గుంజుతది. నీళ్లు అణగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతది.

చట్టం ఏమంటదంటే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగ బండిని మార్చొద్దు. 2019 జనవరిల సుప్రీంకోర్టు గూడ గదే చెప్పింది. అదే ఏడు చట్టాన్ని సవరించి, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా లేదంటే ఆరు నెలల దాక జైలు, లేదంటే రెండూ అని పెట్టిండ్రు. ఫిల్టర్ డబ్బా ఆర్‌సీల రాసుండదు గదా అని వాదించేటోళ్లున్నరు, వాదించొచ్చు కూడ. కని పొగ, చప్పుడు మీద 190వ సెక్షన్ వేరే ఉంది: 10,000 దాక జరిమానా, మూడు నెలలు లైసెన్స్ బంద్. అక్కడ వాదన నడువది.

పోరగాళ్లనే తిట్టి ఊకుంటే మాత్రం న్యాయం గాదు. బండి గుంజుత లేదన్న బాధ నిజం. ఎక్కువసార్లు కారణం నిండిపోయిన ఫిల్టర్, పగిలిన ఇంటర్‌కూలర్ పైపు, లూజైన క్లిప్పు, లేదంటే పాసింగ్‌కు మించిన లోడ్. గది చెప్పేటోడు దగ్గర లేడు. సర్వీస్ సెంటర్ జిల్లా కేంద్రంల ఉంటది, పోయి రావాలంటే ఒక దినం కిరాయి పాయె. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లకు సెన్సర్లు ఎక్కువ, చెక్ లైట్ వెలిగితే స్కానర్ పెట్టి సూడాలె. మండలంల ఉన్న మేస్త్రి కాడ స్కానర్ ఉండదు, ఉన్నా నేర్పినోడు లేడు. అందుకే రీల్ జూసి నేర్సుకుంటున్నరు. రాష్ట్రంల 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగ మారుస్తున్నమని సర్కార్ చెప్తున్నది. పొద్దంత షెడ్డుల పనిజేసే మేస్త్రీలకు అండ్ల సాయంత్రం పూట రెండు నెలల కోర్సు ఎందుకు పెట్టొద్దు?

అందాక ఇంటికాడ జేసేది ఇంతే. దుమ్ముల తిరిగే బండికి కంపెనీ బుక్కుల రాసిన గడువు దాక ఆగకుర్రి, ఫిల్టర్ ముందే మార్చుర్రి. కంప్రెసర్ గాలి జోరుగ కొట్టకుర్రి, కాయితం చినుగుతది. కొడితే లోపటికెల్లి బయటికి, మెల్లగ. డబ్బా నుంచి టర్బో దాక రబ్బరు పైపు చేతితోని వత్తి, పగుళ్లున్నయా సూడుర్రి. కోన్ ఫిల్టర్‌కు పెట్టే పైసలతోని అసలు ఫిల్టర్లు ఎన్నొస్తయో షాపుల అడుగుర్రి.