మందుకైతే మునగొచ్చునట!

మొన్న చిత్తూరులో ఓ పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దగ్గర మా పెద్దత్త పట్టుకుంది.

"ఏం మే, ఈత కొడతా ఉండావంట?"

"అవునత్తా."

"మోకాళ్ళ నొప్పికా?"

"మొదట నొప్పికే. అది తగ్గింది. ఇప్పుడు పోటీలకి."

అంతే! ఆవిడ చేతిలో జాంగిరి చేతిలోనే ఆగిపోయింది. "పోటీలా! నలభై దాటినాక ఎవరి మీద గెలవాలని? మరి ఇంట్లో వంటో?"

చూశారా! నొప్పికి ఈదినంతకాలం వంట గుర్తు రాలేదు. పోటీ అనగానే గుర్తొచ్చింది. నా గొడవంతా ఇదే.

ఆడదాని కాలానికి మన ఇళ్ళల్లో చిత్రమైన లెక్క ఒకటుంది. పంచమీతీర్థం నాడు తిరుచానూరు పద్మసరోవరంలో వేలమందితో కలిసి మునిగితే పుణ్యం. డాక్టరు చెబితే మునగడం వైద్యం. గెలవాలని మునిగితే మాత్రం విడ్డూరం! నీళ్ళవే, మనిషీ అదే.

నిజానికి నేను ఈత నేర్చింది ఇప్పుడు కాదు. మా అమ్మమ్మగారి ఊళ్ళో, కపిల పోయి మోటారొచ్చినా కపిలబావి అనే పిలిచే బావిలో, నడుముకి ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని నేర్చాను. గట్టు మీంచి దూకడంలో మా అన్నకన్నా నేనే ముందు. పన్నెండో ఏట పెద్దమనిషినయ్యాను. ఆ వేసవిలో అన్న దూకుతుంటే నేను గట్టున కూర్చుని వాడి తువ్వాలు పట్టుకున్నాను. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. తువ్వాలు చేతికిచ్చారు, అంతే. ముప్ఫై ఏళ్ళు మోశాను దాన్ని.

నలభై రెండో ఏట డాక్టరుగారు ఈత రాసిచ్చారు. తిరుపతిలో ఈతకొలనులో దిగాక తెలిసింది, నాకొచ్చింది ఉత్త బావి ఈతేనని. తల పైకెత్తి చేతులూ కాళ్ళూ బాదుకోవడం! మొహం నీళ్ళలో ఉంచి, పక్కకి తిరిగి ఊపిరి తీసుకోవడం పట్టుబడేసరికి మూడు నెలలు పట్టింది. ఆ తర్వాత ఒకరోజు కోచ్ గడియారం పట్టుకుని, నూరు మీటర్లకి మూడు నిముషాల పది సెకన్లన్నాడు. అక్కణ్ణించి నేను నేను కాదు! మొదట్లో సెకన్లు పదేసి చొప్పున రాలిపోయాయి. తర్వాత ఒక్క సెకను తగ్గడానికి ఒక నెల. దానికోసం వారానికి మూడు రోజుల ఈత కాస్తా అయిదు రోజులయింది.

పెద్దవాళ్ళ ఈ పోటీలని మాస్టర్స్ అంటారు. పాతికేళ్ళ వయసు నుంచి అయిదేసి ఏళ్ళకొక వర్గం. ప్రపంచస్థాయిలో 1986లో టోక్యోలో మొదలయ్యాయి. నలభై అయిదు ఎప్పుడొస్తుందా అని వేళ్ళు లెక్కపెట్టుకున్న ఆడదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను. అక్కడ అందరిదీ అదే తంతు! కొత్త వర్గంలోకి వెళితే మళ్ళీ మనమే చిన్నవాళ్ళం మరి.

"ఆరోగ్యానికైతే సరే, గెలుపెందుకు?" అంటారు. ఆరోగ్యం ఎవరికోసమండీ? మోకాలు బాగుపడితే ఇంకో పదేళ్ళు ఇంటిల్లిపాదికీ చాకిరీ చెయ్యొచ్చు. తగ్గించుకున్న ఆ సెకను మాత్రం ఇంట్లో ఎవరికీ పనికిరాదు. అందుకే అది నాది.

ఆరతీ సాహా 1959 సెప్టెంబరు 29న ఇంగ్లీషు ఛానెల్‌ని 16 గంటల 20 నిముషాల్లో ఈది, ఆ పని చేసిన మొదటి ఆసియా స్త్రీ అయింది. అంతకు నెల ముందే ఒకసారి ఓడిపోయింది కూడా. పందొమ్మిదేళ్ళ పిల్ల, దానికేం అంటారా? సామర్లకోటలో పుట్టిన గోలి శ్యామలగారు నలభై దాటాక ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో తలైమన్నార్ నుంచి ధనుష్కోటి దాకా ముప్ఫై కిలోమీటర్లు 13 గంటల 43 నిముషాల్లో ఈదారు. యాభై దాటాక, 2024 డిసెంబరు చివర బయల్దేరి, రోజుకి కొంత చొప్పున విశాఖ నుంచి కాకినాడకి 150 కిలోమీటర్లు సముద్రంలో ఈదుకుంటూ వెళ్ళారు. ఏ డాక్టరు రాసిచ్చే మోతాదండీ అది?

నా తప్పూ ఒకటుంది, ఒప్పుకుంటాను. ఒక పోటీకి బయల్దేరే హడావిడిలో, పరీక్షకి వెళుతున్న మా అమ్మాయి "అమ్మా, జడ వెయ్యవే" అంటే, "నాకు టైమయిపోతోంది" అని కసిరాను. ఆ రోజు నీళ్ళలో ఒక్క బారా సరిగ్గా పడలేదు. పోటీ మనిషిని కొరుక్కుతింటుంది. కాదనను. అది నేనూ నా కూతురూ తేల్చుకోవలసిన సంగతి. తేల్చుకున్నాం కూడా.

కాని మావారు ఇరవై ఏళ్ళుగా షటిల్ పోటీలకి తిరుగుతున్నారు. "ఇంటినీ ఆటనీ ఎలా సమన్వయం చేసుకుంటున్నారు?" అని ఏ పెళ్ళిపందిట్లోనూ ఆయన్ని ఎవరూ అడగలేదు. ఎందుకడుగుతారు? ఆ సమన్వయం పేరు నేనే కదా!

ఇక నేను వెళ్ళేచోట ఆడవాళ్ళకి కేటాయించిన వేళ పగలు పదకొండు నుంచి పన్నెండు. ఉద్యోగస్తురాలు ఆఫీసులో, ఇల్లాలు కుక్కరు దగ్గర ఉండే గంట. తిరుపతి ఎండకి నెత్తిమీద దోసె కాలే గంట! ఇంట్లో కూర్చుని నవలలు రాసుకునేదాన్ని కాబట్టి నాకు కుదురుతోంది. "ఆడవాళ్ళెవరూ రావడం లేదండీ" అంటూ ఆ గంటా తీసేసే ఆలోచనలో ఉన్నారు. అయ్యా, పొద్దున అయిదున్నరకి ఇచ్చి చూడండి. అప్పుడు లెక్కపెట్టండి తలలు!

ఇదంతా పెద్దత్తకి విడమరిచి చెప్పాను. ఆవిడ జాంగిరి పూర్తిచేసి, చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ నెమ్మదిగా అడిగింది:

"ఇంతకీ పోయినసారి ఎన్నోదానివి?"

"నాలుగోదాన్నత్తా."

"ఎంతమంది ఈదినారు?"

"ఆరుగురు."

కాసేపు ఆలోచించింది. "మూడోది ఎంత ముందుండాది?"

"రెండు సెకన్లు."

"రెండేనా!" అంది పెద్దత్త, నా భుజం మీద ఒక్కటిచ్చి. "ఇంకొంచెం గట్టిగా కొట్టు మే!"