మాట తెలియని వైద్యవిద్య

2019 నుండి మన దేశమున వైద్యవిద్య సామర్థ్యముల పట్టికల ననుసరించి నడచుచున్నది. విద్యార్థి యేమి చదివినాడని గాక యేమి చేయగలడని పరీక్షింపవలెననుట ఆ పద్ధతికి మూలము. సంకల్పము మంచిదే. మా ఆక్షేపణ యంతయు ఆచరణను గూర్చియే.

ఆ సంవత్సరము అమలునకు వచ్చిన సాముదాయిక వైద్యశాస్త్రపు పట్టికను తెరచి చూడుడు. ఆరోగ్యవిషయములు జనులతో మాటలాడు నేర్పును, వైద్యునకు రోగికి గల సంబంధములోని ముఖ్యాంశములను కృత్రిమ వాతావరణమున ప్రదర్శించిన చాలునని యందు గలదు. అనగా కళాశాల గదిలో తోటి విద్యార్థియే రోగివేషము కట్టవచ్చును. వేషధారి విద్యార్థి భాషలోనే దగ్గును, ఆ భాషలోనే మూలుగును. దినచర్య పుస్తకమున గురువుగారి సంతకము పడును. సామర్థ్యము సిద్ధించినట్లే!

ఇక హోసూరు, పావగడ, పర్లాకిమిడి ప్రాంతముల తెలుగు ఇండ్లకు రండు. 2022లో వచ్చిన కుటుంబ దత్తత పథకము ననుసరించి విద్యార్థులు పల్లెలలో గడపగడపకు పోవలసియున్నది. హౌస్ సర్జన్సీలో పన్నెండు వారములు సాముదాయిక వైద్యమునకే కేటాయింపబడినవి. ఇంటి ముసలమ్మ "బిడ్డకు అమ్మవారు పోసింది" అనును. ఆటలమ్మయో తట్టో సోకినదని భావము. తెలియనివాడు అది యేదో పూజావిషయమనుకొని కాగితముపై నేమియు వ్రాయడు. "నెమ్ము చేసింది" అన్నను అంతే. రెండు వారములైనను తగ్గని దగ్గునకు క్షయపరీక్ష చేయింపవలెనని ప్రతి విద్యార్థికి కంఠస్థమే. ఎన్నాళ్ల నుండి దగ్గుచున్నావమ్మా యని యడుగ నోరు రానపుడు ఆ కంఠస్థ మెవరికి?

మీవారికి రాష్ట్రభాష వచ్చును గదా యని కొందరందురు. సంతకు పోవు మగవారికి వచ్చును. గర్భిణి తన బాధ చెప్పుకొనుటకు సంతభాష చాలునా? పొరుగింటి పిల్లవానిని దుబాసిగా నిలిపినచో ఆమె చెప్పవలసినది మ్రింగివేయును. రాష్ట్రభాషను వైద్యులు నేర్వవలసినదే. అందు మాకు వివాదము లేదు. శిక్షణారంభమున స్థానిక భాష నేర్పవలెనని నిబంధనలే చెప్పుచున్నవి. స్థానికమనగా రాజధానియేనా, విద్యార్థి యడుగిడిన యిల్లు కాదా? 1956లో ఏడవ సవరణవలన రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషలవారి బిడ్డలకు మాతృభాషలో ప్రాథమిక విద్యావసతి కల్పింపుమన్నది. బిడ్డ అక్షరమునకు గల మన్నన బిడ్డ జ్వరమునకు లేదా?

తెలుగు ఇండ్లుగల గ్రామములకు విద్యార్థులను బంపు కళాశాలలు, అవయవములకును వ్యాధులకును ఆ యిండ్లలో వాడు మాటలను ముందుగా నేర్పవలెను. నూరు మాటలైన చాలును. రోగచరిత్ర తెలిసికొను సామర్థ్యమునకు సంతకము గదిలో గాక ఇంటి వాకిట, యింటివారు చెప్పినది సరిగా వ్రాసినాడా యని చూచి వేయవలెను. మాటల పట్టికను మన శాఖలే కూర్చి యీయవచ్చును. (నిఘంటువు తెలుగు పనికిరాదు, పావగడ మాట పర్లాకిమిడిలో చెల్లదు.) శాఖల కార్యదర్శులు ప్రధానాచార్యులకు పంపు వినతిపత్రములలో దీనిని మొదటి కోరికగా నుంచుదురు గాక.