పేరు చాలదు, పని తెలియవలెను



పేరు చెప్పి సరకు అమ్ముట వేరు, పని తెలిపి అమ్ముట వేరు. ఈ భేదము తెలియుటకు దూరదేశపు చేతిపని నొకదానిని గూర్చి మనవి చేయుచున్నాము.

అమెరికా, కెనడా దేశముల సరిహద్దున సుపీరియరు మొదలగు మహాసరస్సులు కలవు. ఆ తీరములందు తరతరములుగా నివసించు ఆదివాసులు అనిషినాబే ప్రజలు. భూర్జజాతి చెట్టు బెరడుతో తేలిక దోనెలు కట్టుట వారి ప్రసిద్ధ విద్య. దోనెను నడపు తెడ్డును వారు తమ భాషలో 'అబ్వి' అందురు.

తెడ్డును ఒకే కర్రలో తీయుదురు. పాత పద్ధతిలో సీడారు, మేపుల్ వంటి చెట్ల మొద్దును రంపముతో కోయరు. చీలలు కొట్టి చీల్చుదురు. చీలిక నార వెంటనే పోవును గనుక పిడి మొదలు కొసవరకు నార తెగక వచ్చును. రంపము నారను అడ్డముగా తెంపవచ్చును. అట్టి తెడ్డు త్వరగా విరుగును. పడుగు పోగులు తెగిన బట్ట గతి మనకు తెలియనిదా? పిమ్మట గొడ్డలితో రూపు తీసి, వంకర కత్తిని తమవైపు లాగుచు సన్నముగా చెక్కుదురు. నేడు రంపము, చిత్రిక వాడువారును కలరు.

ఈ శ్రమ కొనువాని కంటికి కనబడదు. యంత్రపు తెడ్డు ప్రక్కనుండిన అతడు ధరనే చూచును. ఆదివాసులు చేయని వస్తువును వారు చేసినదని అమ్ముట 1990 నాటి అమెరికా చట్టము ప్రకారము నేరము. మొదటి తప్పుకే వ్యక్తికి 2,50,000 డాలర్ల వరకు జరిమానా, 5 ఏండ్ల వరకు ఖైదు విధింపవచ్చును. మంచి చట్టమే. కాని అది పేరును కాపాడునే గాని, చీల్చిన కర్రకును కోసిన కర్రకును గల తేడాను కొనువానికి నేర్పదు.

మన సంగతియు ఇంతే. కొన్ని రకములను చేమగ్గమునకే ప్రత్యేకించిన 1985 చట్టము కలదు; 2006 నుండి చేనేత ముద్రయు కలదు. అయినను మరమగ్గపు చీర చేనేత పేరుతో అమ్ముడగుచునే యున్నది. దొంగసరకును ప్రభుత్వము పట్టవలసినదే. గుర్తులు చెప్పవలసినవారము మాత్రము మనమే. మూడు నాడెలతో నేసిన చీరయైన, ఒడలు అంచును కలియుచోట పేకలు పెనవేసుకొన్న తీరును తిరగవేసి చూపవలెను. ఎన్ని దినముల నేతయో చీటీపై వ్రాయవలెను. ప్రతి సంఘ విక్రయశాలలో సగము నేసిన మగ్గమొకటి ఉంచవలెనని మా అభిప్రాయము. పని తెలిసినవాడు ధరకు బేరమాడుటకు కొంత జంకును.