కాక్లియర్ ఇంప్లాంటు – ఇంటి భాష



పుట్టుచెవుడుగల 5 ఏండ్ల లోపు పిల్లలకు కేంద్ర ప్రభుత్వము ఆడిప్ పథకము క్రింద ఉచితముగా కాక్లియర్ ఇంప్లాంటు అమర్చుట హర్షణీయమే. (ఆ మీదట బ్యాటరీల, తీగల ఖర్చు మాట వేరు.) అయితే ఆ యంత్రము ధ్వనిని చెవి నరమునకు అందించునే గాని మాట నేర్పదు. అది శస్త్రచికిత్స పిమ్మట ఏండ్ల తరబడి ఇంట జరుగవలసిన పని. మా హోసూరు వైపు తెలుగు తల్లిదండ్రులతో కొందరు శిక్షకులు "బిడ్డ వద్ద తెలుగు మానండి, తమిళమే మాట్లాడండి" అనుచున్నారు. వచ్చీరాని తమిళములో ఆ తల్లి పొద్దస్తమానము ఏమి మాట్లాడగలదు? అవ్వ నోరు కట్టుకొని కూర్చుండవలెనా? రెండు భాషల ఇండ్లలోని ఇట్టి పిల్లలపై విదేశములలో జరిగిన పరిశోధనలు ఇంటి భాష బడి భాషకు అడ్డు రాలేదనియే చాలవరకు తెల్పుచున్నవి. తమిళము బడిలో ఎటూ వచ్చును. సరిహద్దు జిల్లాల శిక్షణ కేంద్రములలో తెలుగు వచ్చిన శిక్షకురాలినొక్కరినైనను ప్రభుత్వము వారు నియమింప ప్రార్థన.

— రిటైర్డు గుమాస్తా, హోసూరు