బిగించినందుకేనా బిల్లు?

పోలీస్ స్టేషన్లలో సీసీ కెమెరాలపై పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఇచ్చిన తీర్పు చదువుతుంటే సగం టెండరు పత్రమే అనిపిస్తుంది. ప్రధాన ద్వారం, లాకప్, వరండా, రిసెప్షన్... ఎక్కడెక్కడ కెమెరా ఉండాలో పేరుపేరునా చెప్పింది. చీకట్లోనూ కనిపించాలి, మాటా వినిపించాలి, రికార్డింగు 18 నెలలు నిల్వ ఉండాలి, అంత సామర్థ్యం దొరక్కపోతే కనీసం ఏడాది అంది. 2025 సెప్టెంబరులో అదే కోర్టు, పనిచేయని కెమెరాలపై తనంతట తానుగా విచారణ చేపట్టాల్సి వచ్చింది. తప్పంతా నిధుల కొరతదే అనలేం. కొనే పద్ధతిలోనే లోపముంది.

భద్రత పనులకూ మనది పాత దారే. ముందు సాంకేతిక బిడ్ తెరిచి అర్హులను తేలుస్తారు. తర్వాత ధరల బిడ్. అందరికన్నా తక్కువ కోట్ చేసినవారు ఎల్-1, పని వారిదే. ప్రహరీగోడకు ఇది సరిపోతుంది. ఇంజినీరు టేపు పెట్టి కొలిచి కొలతల పుస్తకంలో (ఎం-బుక్కు) రాసుకుంటాడు, గోడ అక్కడే ఉంటుంది. కెమెరాల సంగతి వేరు. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేసే ఒక్క కెమెరాకు రోజుకు దాదాపు 22 గిగాబైట్లు కావాలి. నెలకైతే ముప్పావు టెరాబైటు లోపే, ఏడాదికైతే ఎనిమిది టెరాబైట్ల దాకా. పత్రంలో ‘తగినంత స్టోరేజీ’ అని రాసి వదిలేస్తే నెలకు సరిపడా డిస్కులు లెక్కేసినవాడు ఎల్-1 అవుతాడు. ఏడాదికి లెక్కేసిన వాడు ఇంటికెళ్తాడు. ఎక్కడా అక్రమం జరగదు, ఫైలు కూడా శుభ్రంగానే ఉంటుంది.

నాణ్యతకు మార్కులిచ్చే వెసులుబాటు లేకపోలేదు. కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో కొన్ని పనులకు ధరేతర అంశాలకు 30 శాతం వరకు వెయిటేజీ ఇవ్వొచ్చంది. అయితే మార్కులు వేసే చోట ఇష్టమైన సంస్థకు కొలిచి కుట్టిన నిబంధనలూ వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెచ్చిన రివర్స్ టెండరింగ్ మరో కొసకు వెళ్లి, ధరను ఇంకా కిందికి దించడంపైనే దృష్టి పెట్టింది. 2024లో దాన్ని రద్దు చేశారు. ఈ రెండింటిలోనూ గుత్తేదారును ఎంచుకోవడం గురించే తాపత్రయం. పని అప్పగించాక ఏమవుతుందన్నది ఎవరికీ పట్టదు.

అసలు మెలిక చెల్లింపులో ఉంది. పరికరాలు బిగించగానే బిల్లులో సింహభాగం చెల్లిస్తే, ఆపై ఫోను ఎత్తాల్సిన అవసరం గుత్తేదారుకు ఉండదు. ఐదేళ్ల నిర్వహణ ధరను కూడా కలిపే ఎల్-1ను తేల్చాలి. అందులో గణనీయమైన భాగాన్ని, కెమెరాలు పనిచేసిన రోజులను బట్టి మూడు నెలలకోసారి చెల్లించాలి. కెమెరా ఆగిన రోజుకు కోత పడాలి. వారంటీ బాధ్యతలు తీరేదాకా పనితీరు హామీ సొమ్ము చేతిలో ఉంచుకోవాలని ఆర్థిక నియమావళే చెబుతోంది కాబట్టి ఇదేమీ కొత్త కోరిక కాదు. టెండరు ప్రకటనను వెబ్‌సైట్‌లో పెట్టే శాఖలు, ఏ కెమెరా ఎన్ని రోజులు ఆగిందో కూడా ప్రతినెలా అక్కడే పెట్టాలి.