మన గుంటడికి జైలు కాదు, వైద్యం కావాలి!

అమ్మలారా! అయ్యలారా! ఆటో అన్నలారా! పోర్టులో, ప్లాంటులో, ఇళ్లల్లో పనిచేసుకుని బతికే మన విశాఖ జనమా!

రాత్రి పదకొండు దాటాక తలుపు చప్పుడైతే ఉలిక్కిపడని ఇల్లు మన వీధిలో ఎన్ని మిగిలాయి? "మీవోడిని స్టేషన్‌కి తీసుకుపోయారు" అని పక్కింటి పిల్లాడు చెబుతాడు. ఏం చేశాడట? జేబులో గంజాయి పొట్లం దొరికిందట. అంతే! ఎవరినీ కొట్టలేదు. ఎవరి మెడలో గొలుసూ తెంపలేదు. గంజాయికి అలవాటు పడ్డాడు, తాగడానికి కొనుక్కున్నాడు. ఆ పొట్లంతో ఇల్లంతా కూలిపోతోంది!

అమ్మ చెవి కమ్మలు తాకట్టుకి పోతాయి. వకీలుకి కొంత, తిరుగుళ్లకి కొంత. బెయిలొస్తే జామీనుకి మనుషులు కావాలి. నిన్నటిదాకా ఇంట్లో కూర్చుని టీ తాగిన చుట్టాలు ఫోనెత్తరు. పని మానుకుని ములాఖత్ లైన్లో నిలబడితే ఆ రోజు కూలి పోయినట్టే. చెల్లికి కుదరబోయిన సంబంధం చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. గుంటడు బయటికొచ్చాక కాంట్రాక్టు పనికి పోతే గేట్ పాస్‌కి పోలీసు వెరిఫికేషన్ అడుగుతారు. కేసున్నోడికి పాస్ ఎవడిస్తాడు? పని లేదు. పరువు లేదు. ఉన్నదల్లా ఆ పాత స్నేహాలే. మళ్లీ అక్కడికే పోతాడు!

జైల్లో మారతాడంటారా? మన విశాఖ సెంట్రల్ జైలు కట్టిన లెక్కకి మించి నిండిపోయి ఉంది. అందులో గంజాయి కేసుల వాళ్లే ఎక్కువ. పొట్లం కొన్న పిల్లాడూ, లోడ్లు నడిపించినోడూ ఒకే గోడల మధ్య! లోపల వీడికి ఎవరు తగులుతారు? ఎవరి నంబరు పట్టుకుని బయటికొస్తాడు? కొనుక్కోవడానికి పోయినోడిని అమ్మేవాడిగా తయారు చేసి మనకప్పగిస్తున్నారు!

వ్యసనం రోగం. టీబీ పట్టినోడిని జైల్లో పెడితే దగ్గు తగ్గుతుందా? గంజాయి ఒక్కసారిగా ఆగితే నిద్ర పట్టదు, తిండి సయించదు, ఊరికే కోపం తన్నుకొస్తుంది. నిద్రమాత్రలకి అలవాటు పడ్డవాళ్ల సంగతి ఇంకా ప్రమాదం. డాక్టరు చూడకుండా హఠాత్తుగా మాత్రలు ఆపేస్తే ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికొస్తుంది. ఇక మత్తు ఇంజక్షన్లు పొడుచుకునే పిల్లలు! కొన్ని నెలలు లోపల మానేసరికి ఒంటికి ఆ డోసు తట్టుకునే శక్తి పోతుంది. బయటికొచ్చి పాత లెక్కలోనే ఎక్కించుకుంటాడు. ఊపిరి ఆగిపోతుంది. జైలు నుంచి విడుదలైన మొదటి వారాల్లోనే ఇలాంటి చావులు ఎక్కువని ప్రపంచమంతా డాక్టర్లు చెబుతున్నారు. కొడుకు ఇంటికొచ్చాడని అన్నం వండిన తల్లికి శవం దక్కాలా?

ఇప్పుడు అసలు సంగతి వినండి. మనకెవరూ చెప్పని సంగతి!

మన పిల్లల్ని జైల్లో వేసే ఆ మత్తుమందుల చట్టంలోనే, 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోనే, వైద్యానికి దారి రాసిపెట్టి ఉంది. సెక్షన్ 64ఏ చూడండి. వ్యసనపరుడి మీద మత్తుమందు వాడిన కేసో, చిన్న పరిమాణం దొరికిన కేసో ఉంటే, తనంతట తాను ప్రభుత్వ ఆస్పత్రిలోనో ప్రభుత్వం గుర్తించిన సంస్థలోనో చేరి వైద్యం చేయించుకుంటే, ఆ నేరానికి విచారణే ఉండదు! వైద్యం మధ్యలో వదిలేస్తే మాత్రం ఆ రక్షణ తీసేయొచ్చు. ఇంకోటి, సెక్షన్ 39. కోర్టు దోషి అని తేల్చాక కూడా వయసూ ఆరోగ్యమూ చూసి, జైలు శిక్ష వేసే బదులు, అతను ఒప్పుకుంటే బాండు రాయించుకుని వైద్యానికి పంపొచ్చు.

మరి స్టేషన్లో ఈ మాట ఎవరైనా చెప్పారా? మీ వకీలు చెప్పాడా? చట్టంలో ఉన్న దారి పేదోడి చెవిన పడకపోతే అది ఎవరికోసం ఉన్నట్టు?

తూకం దగ్గర కళ్లు తెరవండి! గంజాయి కిలో దాకా ఉంటే చిన్న పరిమాణం, ఏడాది దాకా జైలు. కిలో దాటితే పదేళ్ల దాకా! ఇరవై కిలోలు దాటితే పదేళ్లకి తక్కువ కాకుండా ఇరవై ఏళ్ల దాకా! పంచనామాలో ఎన్ని గ్రాములు రాశారో చదివించుకోకుండా మీ పిల్లాడికి సంతకం పెట్టొద్దని చెప్పండి. ఆ అంకె మీద వాడి యవ్వనమంతా ఆధారపడి ఉంది.

2021లో కేంద్ర సామాజిక న్యాయ శాఖే సిఫార్సు చేసింది: సొంత వాడకానికి కొద్దిగా ఉంచుకున్నవాళ్లని బాధితులుగా చూడండి, జైలు మాని చికిత్స ఇప్పించండి అని. పోర్చుగల్ దేశం 2001 నుంచే ఆ పని చేస్తోంది. పది రోజుల వాడకానికి మించకుండా దొరికితే అక్కడ నేరం కాదు. వైద్యం, చట్టం, సంక్షేమం తెలిసినవాళ్ల కమిటీ ముందు కూర్చోబెట్టి మాట్లాడతారు. ఆ దేశమేమీ పాడైపోలేదు. సూదుల వల్ల హెచ్‌ఐవీ సోకేవాళ్లు బాగా తగ్గిపోయారు. మరి మన దగ్గర? ఎయిమ్స్ 2019 సర్వే ప్రకారం మత్తుమందులకి బానిసైన ఇరవై మందిలో ఒక్కడికే ఆస్పత్రిలో చేర్చుకుని చేసే వైద్యం అందింది. మిగతా పంతొమ్మిది మందీ ఎవరి పిల్లలు?

సారా తాగి రోడ్డు మీద పడిపోయినోడిని ఆస్పత్రికి మోసుకుపోతాం. మందు అమ్మకం మీద సర్కారుకి వేల కోట్లు వస్తాయి. మందు బానిసకి జాలి, గంజాయి బానిసకి సంకెళ్లా? ఇదేం న్యాయం?

అమ్మేవాడిని వదిలేయమని మేం అనడం లేదు. బడి గేటు దగ్గర పిల్లలకి అలవాటు చేసే వాడిని, లారీల్లో పంపి డబ్బు వెనకేసుకునే వాడిని పట్టుకోండి, గట్టిగా పట్టుకోండి! 2021లో 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో ఏజెన్సీలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికారు. సరే. కానీ ఆ సరుకు కొని కోట్లు చేసుకున్న పెద్దవాళ్లు ఎంతమంది లోపల ఉన్నారు? పాడేరు వైపు నుంచి కూలికి మూటలు మోసి పదేళ్ల కేసుల్లో ఇరుక్కున్న గిరిజన పిల్లల గోడు ఇంకో కరపత్రమంత ఉంది. అదీ రాస్తాం.

మీ ఇంట్లో ఇప్పుడే ఈ కష్టం ఉంటే భయపడి దాచిపెట్టకండి. కేసు పడకముందే వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, పైసా ఖర్చు లేదు. కేసు పడితే 15100కి చేసి ఉచిత వకీలుని అడగండి. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆ హక్కుంది. అరెస్టు చేసిన ఇరవై నాలుగు గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. అక్కడే వకీలు చేత 64ఏ మాట ఎత్తించండి, వైద్యానికి సిద్ధమని రాతపూర్వకంగా ఇప్పించండి. గొలుసులు కట్టి, కొట్టి మాన్పిస్తామనే చోటికి మాత్రం పంపకండి! ప్రభుత్వం గుర్తించని చోట చేయించిన వైద్యం ఈ సెక్షన్ కింద లెక్కలోకి రాదు.

ఒక్కొక్కరం ఏడిస్తే ఎవరికీ వినబడదు. అందరం కలిసి అడుగుదాం! ప్రతి ఏరియా ఆస్పత్రిలో వ్యసన విముక్తి వార్డు, మందులు, డాక్టరు ఉండాలి. ప్రతి స్టేషన్ గోడ మీద 64ఏ, 39 సెక్షన్లు తెలుగులో పెద్దక్షరాలతో రాయించాలి. మత్తుమందు వాడిన కేసుల్లో పట్టుబడ్డవాడిని రిమాండ్ మాట ఎత్తకముందే డాక్టరుకి చూపించాలి.

సోమవారం సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. ఈ సోమవారం పొద్దున పదింటికల్లా గేటు దగ్గరికి రండి. సిగ్గుపడకండి, పక్కన నిలబడేదీ మీలాంటి అమ్మే. కేసున్నవాళ్లు ఎఫ్‌ఐఆర్ కాపీ, ఆస్పత్రి చీటీలు ఉంటే అవీ తెండి. చదువురాని వాళ్లకి అర్జీ మేం రాసిపెడతాం. ఈ కాగితం చదివాక పారేయకండి, పక్కింట్లో ఇవ్వండి!