వేట లేని 61 రోజులు

ఏప్రిల్ 15 వచ్చిందంటే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లన్నీ జెట్టీలకు కట్టేసి కనబడతాయి. జూన్ 14 దాకా వేట బంద్. అలాంటి ఒక మధ్యాహ్నం, బోటు నీడన వల బాగుచేసుకుంటున్న కళాసీతో మాటల్లో పిల్లల సంగతి వచ్చింది. ‘‘మాయాడది ఆపరేషన్ సేయించీసుకుంది బాబూ. నాను సేయించుకుంటే వల లాగగలనేటి?’’ అన్నాడు. ఆయన భార్య పక్కనే ఎండుచేపల గంప నెత్తికెత్తుకుంటోంది. పాతిక కేజీలకు తక్కువుండదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి ఈ ఆపరేషన్ అయిపోయింది. మగవాళ్ల వాటా ఒక్క శాతం కూడా లేదు. నిజానికి వేసెక్టమీకి పొట్ట కొయ్యక్కర్లేదు, వారం రోజులు బరువులెత్తకపోతే చాలు. కానీ ఎమర్జెన్సీలో, ఒక్క ఏడాదిలో 60 లక్షల మందికి పైగా మగవాళ్లకు చేసిన ఆపరేషన్ల భయం ఇంకా వదల్లేదు. ఆ భయం ఖరీదు ఆడవాళ్లు కడుతున్నారు. 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నం శిబిరంలో ఒకే రోజు 34 మంది ఆడవాళ్లకు ఆపరేషన్ చేస్తే నలుగురు చనిపోయారు.

మగవాడికి ఉన్నవి రెండే దారులు: కండోమ్, వేసెక్టమీ. మూడోది మన దేశంలోనే పుట్టింది. ఢిల్లీ ఐఐటీలో సుజయ్ గుహ 1970ల్లో మొదలుపెట్టిన రిసగ్. వీర్యనాళంలోకి ఒక పాలిమర్ ఎక్కిస్తారు, అటుగా వచ్చిన వీర్యకణాలు దెబ్బతింటాయి. ఐసీఎంఆర్ 303 మంది మీద చేసిన మూడో దశ పరీక్షల ఫలితాలు 2023లో వచ్చాయి. గర్భం రాకుండా ఆపడంలో 99 శాతం. మందు బయటికి తీస్తే మళ్లీ మామూలవుతుందని జంతువుల్లో తేలింది. మగవాళ్లలో తేలాలి. అర్ధ శతాబ్దం పట్టిందంటే, ఒక్కసారి వేస్తే ఏళ్లు పనిచేసే సూదిమందులో కంపెనీలకు లాభమేముంది మరి!

ఇప్పుడు ప్రభుత్వమే ఎక్కువమందిని కనమంటోంది కదా, ఈ గోలెందుకు అంటారేమో. ఎందరిని కన్నా కాన్పుకీ కాన్పుకీ ఎడం ఉండాలి. ఆపరేషన్ ఎడం ఇవ్వదు.

రిసగ్ పరీక్షలు జరిగిన ఐదు కేంద్రాల్లో ఒక్కటీ తెలుగు నేల మీద లేదు. తర్వాతి పరీక్షలకు విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిని (కేజీహెచ్) ఎందుకు ఎంచుకోకూడదు? హార్బర్‌కు దగ్గరే. మనుషులు రెండు నెలలు ఒడ్డునే ఉంటారు. ఆ తర్వాత వేటకెళ్లినా రెండు మూడు వారాలకోసారి తిరిగొస్తారు, పరీక్షకు దొరుకుతారు. ఒక్కటే షరతు: దీన్ని వేట నిషేధ భృతికి ముడిపెట్టకూడదు, ఎవరికీ టార్గెట్లు ఇవ్వకూడదు. ఎమర్జెన్సీ నాటి 1976 మళ్లీ రాకూడదు.

కళాసీకి ఇదంతా చెప్పాను. వల కుట్టే సూది ఆపి, ‘‘మళ్లీ మామూలైపోద్దా?’’ అన్నాడు.

‘‘నన్నా మాట ఎవులడిగినారు?’’ అంది గంప కిందనుంచి ఆవిడ.